చక్రాల పీట ఆయుష్షు

ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు గానీ, ఆ రోజుల్లో మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఏ వస్తువుకీ దానంతటది పాడైపోయే హక్కు ఉండేది కాదు. ఫ్యాను ఆగితే నాన్న విప్పేవాడు, గొడుగు చువ్వ ఊడితే నాన్న విప్పేవాడు, ఏదీ పాడవకపోతే ఆదివారం పూట తోచక, శుభ్రంగా నడుస్తున్న గోడ గడియారాన్ని విప్పేవాడు. (ఆ గడియారం ఆ తర్వాత ఎప్పుడూ మాకు నిజం చెప్పలేదు. అయినా గోడ దిగలేదు.) నాన్నది యార్డులో బొగ్గు వ్యాగన్లను పరీక్షించే ఉద్యోగం. గూడ్సు బండి వచ్చి ఆగగానే సుత్తి పట్టుకుని ఒక్కో చక్రాన్నీ కొట్టుకుంటూ నడవడం, ఆ మోతని బట్టి ఏది బాగుందో ఏది లేదో తేల్చడం ఆయన పని. ఇంట్లోనూ అదే పద్ధతి. పుచ్చకాయ కొన్నా కొట్టి వినేవాడు, అమ్మ కొత్త గిన్నె తెచ్చినా కొట్టి వినేవాడు. నా ఇంటర్ మార్కుల కాగితం చేతికిస్తే అది మొత్తం చదివి, నా నెత్తి మీద వేళ్లతో మెల్లగా కొట్టి, "మోత బాగానే ఉంది. మరి లోపలేటయ్యింది?" అన్నాడు.

అలాంటి ఇంటికి ఒక లాంగ్‌బోర్డు వచ్చింది. తెచ్చింది చిన్నమావయ్య, అంటే అమ్మకి ఆఖరి తమ్ముడు. విశాఖపట్నంలో ఓడ ఎక్కి ఏవేవో దేశాల రేవుల్లో దిగి, ఏడాదికో రెండేళ్లకో ఒకసారి అక్కని చూడటానికి బిలాస్‌పూర్ వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా సబ్బులు, సెంట్లు, చాక్లెట్లు తెచ్చే మనిషి ఆ సారి దుప్పట్లో చుట్టిన పొడుగాటి బల్ల ఒకటి తెచ్చాడు. అమ్మ ఇస్త్రీ బల్ల అనుకుని చాలా సంతోషించింది. దుప్పటి విప్పితే దానికి కింద రెండు ఇరుసులు, బూరెల్లాంటి నాలుగు నారింజరంగు చక్రాలు, పైన కాలు జారకుండా నల్లటి గరుకు కాగితం. "ఇదేట్రా, చక్రాల పీట?" అంది అమ్మ. మావయ్య దాన్ని నేల మీద పెట్టాడు. దాని మీద ఒక కాలు వేసి, రెండో కాలితో నేలని ఒక్క తన్ను తన్ని, గేటు దాటి, రోడ్డు మీదికి పోయి, పక్క లైనులో క్వార్టర్ల వెనక మాయమైపోయాడు. అమ్మ చేతిలో చేట కింద పడింది. చేటలో బియ్యం వరండా అంతా పరుచుకున్నాయి. నేను మాత్రం నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాను. బీకాం మొదటి సంవత్సరం చదువుతున్న ఆడపిల్లకి, కాలేజీ నుంచి ఇల్లు, ఇంటి నుంచి కాలేజీ తప్ప మరో దారి తెలియని ఆడపిల్లకి, మనిషి అలా ఏ పెట్రోలూ పోయకుండా, ఏ పెడలూ తొక్కకుండా గాల్లో వెళ్లినట్టు వెళ్లిపోవచ్చని ఆ రోజే తెలిసింది.

ఇది నీకే అని మావయ్య అనగానే ఇంట్లో పెద్ద గొడవ. "ఆడపిల్లరా అది! రోడ్డు మీద చేతులు చాపుకొని అలగ పోతంటే కాలనీ వాళ్లు ఏటనుకుంటారు?" అని అమ్మ. "కాలనీ వాళ్లకి ఏదో ఒకటి అనుకోడం అలవాటే కదక్కా," అని మావయ్య. నాన్న ఈ చర్చలో పాల్గొనకుండా బోర్డు తిరగేసి, చక్రాలు వేలితో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. ఆయన ముఖంలో సంతోషం చూసి అమ్మకి ఓటమి అర్థమైపోయింది. అప్పుడు వేలు చూపించి తీర్పు చెప్పింది. "సరే. ఇరిగిపోయీదాకానే. ఇరిగిన్నాడు మరి ఆ ఊసు ఎత్తకూడదు. ఇంకోటి తెస్తానని వీడూ అనకూడదు, అతుకులేస్తానని మీరూ అనకూడదు." ఆ మాట అంటూ దాని వైపు చూసిన చూపులో, వచ్చే దసరా దాకా కూడా ఉండదులే అన్న నమ్మకం స్పష్టంగా కనిపించింది. నాకు ఒళ్లు మండిపోయింది. దాన్ని చచ్చినా విరగనివ్వకూడదని, నాకు మనవలు పుట్టే దాకా అది అలాగే ఉండాలని అప్పటికప్పుడు ఒట్టు పెట్టుకున్నాను.

ఒట్టు పెట్టుకోవడం సులువే. దాన్ని ఎలా చూసుకోవాలో బిలాస్‌పూర్‌లో చెప్పేవాళ్లెవరు? సైకిల్ షాపు వాడు దాన్ని చూసి దండం పెట్టాడు. చివరికి అర్పా నది వంతెన దాటి సర్కండాలో ఉన్న నెట్ కేఫ్‌కి వెళ్లి, ఉక్కపోతలో కూర్చుని, తెరుచుకోవడానికి ఒక యుగం పట్టే పేజీలు చదివి నేర్చుకున్నాను. తడి తగలకూడదు, తగిలితే చక్రాల లోపల బేరింగులు తుప్పు పడతాయి. ఎండలో వదిలేయకూడదు, చెక్క వంగిపోతుంది. నట్లు వదులవకుండా చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, చక్రాలు ఒకే వైపు అరిగిపోకుండా అప్పుడప్పుడూ ముందువి వెనక్కి, కుడివి ఎడమకి మార్చాలి. ఇంటికొచ్చి ఇవన్నీ అమల్లో పెట్టాను. బోర్డుకి నా మంచం కింద పాత దుప్పటితో పక్క ఏర్పాటైంది. వాన చినుకు పడితే నేను తడిసి, నా చున్నీ దానికి చుట్టి తెచ్చేదాన్ని. నా కాళ్ల పగుళ్లకి ఏనాడూ ఏదీ రాసుకోని నేను, దాని గరుకు కాగితంలో ఇరుక్కున్న దుమ్ముని పాత టూత్ బ్రష్‌తో గంటలకొద్దీ దులిపేదాన్ని. "ఈ సేవ ఆ తులసి కోటకి చేసుంటే పుణ్యమైనా వచ్చును," అనేది అమ్మ, పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండా.

మొదటి దెబ్బ అమ్మ నుంచి వస్తుందని కాచుకుని కూర్చున్నాను. అది నాన్న నుంచి వచ్చింది. ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, బోర్డు తీసుకుని రోడ్డెక్కి, ఎప్పటిలాగే నేలని ఒక్క తన్ను తన్నాను. నేను ముందుకి వెళ్లాను, బోర్డు వెళ్లలేదు. మోకాళ్లు చెక్కుకుపోయి లేచి చూద్దును కదా, నాలుగు చక్రాల నుంచీ పసుపుపచ్చటి గ్రీజు పచ్చడిలా బయటికి కారుతోంది. నాన్న వరండాలో నిలబడి గర్వంగా చేతులు తుడుచుకుంటున్నాడు. బజారు నుంచి ఒక డబ్బా గ్రీజు కొనుక్కొచ్చి, వ్యాగను ఇరుసుకి ఎలా దట్టిస్తారో అచ్చంగా అలాగే దట్టించేశాడట. అక్కడితో ఆగినా బాగుండేది. బోర్డు తిరగేస్తే అడుగున తెల్ల రంగుతో, గూడ్సు వ్యాగను పక్కన రాసినట్టే, దాని బరువు, మరమ్మతు జరిగిన తేదీ, మళ్లీ మరమ్మతుకి రావలసిన తేదీ గుండ్రటి అక్షరాలతో రాసి ఉన్నాయి. నేను కెవ్వున అరిచాను. ఆ అరుపుకి పక్క క్వార్టర్ ఆంటీ బయటికొచ్చింది. (ఈవిడది ఛత్తీస్‌గఢే, పుట్టిల్లు బిల్హా. ఏ సంగతి చెప్పినా, పుట్టుక గురించైనా చావు గురించైనా, ముందు "అచ్ఛా!" అని ఆశ్చర్యపోయేది కాబట్టి మా ఇంట్లో ఆవిడ పేరు అచ్ఛా ఆంటీ.)

"ఏటమ్మడూ అలగ అరిచావు? కోల్ ఇండియా మొత్తం బొగ్గు ఈ పద్ధతి మీదే కదుల్తంది!" అన్నాడు నాన్న నొచ్చుకుని.

"నాన్నా, ఇది మోసేది బొగ్గు కాదు, నన్ను! దీనికి పల్చటి నూనె చుక్క చాలు. గ్రీజు పెడితే జామ్ హో జాతా హై!"

"అచ్ఛా!" అంది ఆంటీ.

నాన్న ఒప్పుకోలేదు. పరీక్ష పెడదామన్నాడు. రెండు చక్రాల్లో ఆయన గ్రీజు ఉంచి, మిగతా రెండూ కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టి, అమ్మ కుట్టుమిషను నూనె ఒక్కో చుక్క వేసి, నాలుగిటినీ వేలితో తిప్పి చూశాం. గ్రీజు చక్రాలు మూలిగి ఆగిపోయాయి. నూనె చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. నాన్న వాటికేసి చాలాసేపు చూసి, "మరి ఇది ప్యాసింజరు రకం," అని లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి నూనె నాది, మోత వినడం ఆయనది అని పని పంచుకున్నాం. అడుగున రాసిన తేదీలు మాత్రం చెరపనివ్వలేదు.

ఎండాకాలం వచ్చింది. బిలాస్‌పూర్ ఎండాకాలం అంటే చెప్పేదేముంది, మధ్యాహ్నం పూట కుక్కలు కూడా గుమ్మాల్లోకొచ్చి అనుమతి అడక్కుండా పడుకునేవి. నేను సాయంత్రం పొద్దు వాలాక మాత్రమే బోర్డు తీసేదాన్ని. సరిగ్గా అప్పుడే వింతలు మొదలయ్యాయి. ఉదయం పొడిగా తుడిచి మంచం కింద పెట్టిన బోర్డు సాయంత్రానికి చెమ్మగా ఉండేది. చక్రాలు కిచకిచమనడం మొదలెట్టాయి. విప్పి చూస్తే బేరింగుల్లో తుప్పు! ఒక రోజు ముందు ఇరుసుకి ఆకుపచ్చ దారాలు చుట్టుకుని కనిపించాయి. ఆకుపచ్చ నేత చీర ఎవరికుందో మా ఇంట్లో అడగాల్సిన పనే లేదు. నాకు అంతా అర్థమైపోయింది. అమ్మ దాన్ని చంపేస్తోంది! నేను కాలేజీకి వెళ్లగానే, ఎవరికీ అనుమానం రాకుండా, నీళ్లు పోసి పోసి తుప్పు పట్టించి, దసరాలోగా విరిగేటట్టు చేసి, తన తీర్పు తాను నెగ్గించుకోవాలని చూస్తోంది! సొంత తల్లి! ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. (పెరుగన్నం మాత్రం తిన్నాను. మామిడికాయ ముక్క ఉంది.)

మర్నాడు నిలదీశాను. "అమ్మా, సచ్ బోల్. బోర్డుని నువ్వేం చేస్తున్నావ్?"

అమ్మ వంకాయలు తరగడం ఆపలేదు. "నీళ్లకి తీసుకెల్తన్నాను. ఏటి తప్పు? కొళాయి రాక ఎన్నాళ్లయింది? ట్యాంకు కాడి నుంచి డబ్బాలు మొయ్యలేక నడుం పడిపోతంది. మీ నాన్న డ్యూటీకి, నువ్వు కాలేజీకి. మరి మీరు తాగే నీళ్లు ఎలగొస్తన్నాయనుకున్నావు?"

మా లైను చివర చిన్న ఎత్తు మీద నీళ్ల ట్యాంకు, దాని కింద ఎండాకాలంలో కూడా ఆగని కొళాయి ఉండేవి. అక్కడి నుంచి మా క్వార్టర్ల దాకా రోడ్డు వాలుగా దిగుతుంది. మనం నెట్టక్కర్లేదు, పట్టుకుంటే చాలు, డబ్బాలు వాటంతటవే వచ్చేస్తాయని అమ్మ కనిపెట్టింది. అమ్మని చూసి అచ్ఛా ఆంటీ, ఆవిణ్ణి చూసి వెనక క్వార్టర్ వాళ్లు. ఏడు సముద్రాలు దాటొచ్చిన నా లాంగ్‌బోర్డు, ఎర్రటి ఎండలో, నెత్తిన నీళ్ల డబ్బాలతో, లైను మొత్తానికీ దాహం తీరుస్తోందన్న మాట! ఎండ తగలకూడదు, తడి తగలకూడదు అని నేను వల్లె వేసిన రెండు సూత్రాలూ ఒకే ప్రయాణంలో మట్టిగొట్టుకుపోయాయి. ఏడుపు గొంతుతో తుప్పు గురించి ఉపన్యాసం ఇచ్చాను. అమ్మ విని, "తుడిచి పెడతాన్లే," అంది. అంతకు మించి ఆవిడతో వాదించడానికి నాకు ముఖం చెల్లలేదు, ఎందుకంటే ఆ ఉపన్యాసం మధ్యలో గొంతు ఆరిపోయి నేను తాగిన నీళ్లు కూడా ఆ బోర్డు మీద వచ్చినవే.

వానలు పడ్డాయి. కొళాయిలు మళ్లీ మొదలయ్యాయి. బతికిపోయాం అనుకున్నాను. బేరింగులన్నీ కిరోసిన్‌లో నానబెట్టి తుప్పు వదిలించాను, చక్రాలు మార్చి బిగించాను. కానీ చక్రాలు అరగడం ఆగలేదు. వానలకి నేనసలు బోర్డు బయటికే తియ్యడం లేదు, అయినా అవి అరుగుతున్నాయి! ఈసారి నాన్నకి చూపించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, బోర్డుని ఒళ్లో పడుకోబెట్టుకుని, ఒక్కో చక్రాన్నీ గోటితో గీకి, వేలితో కొట్టి, విని, గంభీరంగా తల పైకెత్తాడు.

"ఈ అరుగుదల నీది కాదమ్మడూ."

"మరి నీళ్ల డబ్బాలదా?"

"డబ్బాలైతే నాలుగూ సమంగా అరుగుతాయి. డబ్బా అటూ ఇటూ ఒరగదు కదేటి. ఇది వెనక వైపు, ఎడమ పక్క. ఎవలో మనిషి ఎక్కుతన్నారు. నీకన్నా బరువు." ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఎవడో దొంగ. మద్దేన్నం పూట మీ అమ్మ కునుకు తీసినప్పుడు ఎత్తుకెల్లి తిప్పుకొని, మళ్లీ తెచ్చి పెట్టేస్తన్నాడు," అన్నాడు. దొంగ అయితే మళ్లీ తెచ్చి మంచం కింద దుప్పటి మీద ఎందుకు పెడతాడో మేమిద్దరం ఆలోచించలేదు. ఆలోచించే స్థితిలో లేము.

మర్నాడు నాన్న బిల్హాలో పని ఉందని అమ్మకి చెప్పి టిఫిను డబ్బా పట్టుకుని బయల్దేరాడు. నేను క్లాసుందని బయల్దేరాను. ఇద్దరం కాలనీ చుట్టూ తిరిగి, మధ్యాహ్నానికి ట్యాంకు రోడ్డు మలుపులో చింతచెట్టు చాటున కలుసుకున్నాం. సన్నగా తుంపర పడుతోంది. నాన్న టిఫిను డబ్బా తెరిచి నాకు సగం పెట్టాడు. ఇద్దరం నిలబడి పులిహోర తింటున్నాం. ఇంతలో ట్యాంకు వైపు నుంచి గరగరమని చప్పుడు. నా బోర్డు చప్పుడు! ఎక్కడున్నా గుర్తుపడతాను. మలుపు మీదికి తొంగి చూశాను.

చేతిలో పులిహోర ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వాలు మీద నుంచి అమ్మ వస్తోంది. నడుచుకుంటూ కాదు. మా అమ్మ, ఆగిన ఆటో మళ్లీ ఒకసారి ఆగితే గానీ దిగని మా అమ్మ, రైల్లో కూర్చున్నా కిటికీ చువ్వ వదలని మా అమ్మ, ఆకుపచ్చ నేత చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకుని, వట్టి కాళ్లతో నా బోర్డు మీద నిలబడి, రెండు చేతులూ బార్లా చాపి, కొంగు వెనక్కి ఎగురుతుంటే, వాలంతా తనదే అన్నట్టు దిగి వస్తోంది. పైన కొళాయి దగ్గర ఖాళీ డబ్బాల మీద కూర్చుని, తమ వంతు కోసం మరో ముగ్గురు ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారు. అచ్ఛా ఆంటీ గొడుగుతో వెనకాల పరిగెడుతూ, "అచ్ఛా! బహుత్ అచ్ఛా! పైర్ సంభాలో దీదీ! అబ్ మేరీ బారీ!" అని, తర్వాతి వంతు తనదేనని అరుస్తోంది. అమ్మ నవ్వుతోంది. అలాంటి నవ్వు అమ్మకి ఉందని నాకు అప్పటి దాకా తెలియదు. పళ్లన్నీ కనిపించేలా, కళ్లు చిట్లించుకుని, చిన్నపిల్లలా నవ్వుతోంది.

అప్పుడే మమ్మల్ని చూసింది. ఆగడం ఆవిడ చేతుల్లో లేదు కాబట్టి మా వైపు దూసుకొస్తూనే, ఏ అంతరాయమూ లేనట్టు, "బిల్హా ఎల్లలేదేటండీ?" అని నాన్నని అడిగింది.

నాన్న చేసిన పనికి ఆయన్ని తప్పు పట్టలేం. రైల్వేలో పనిచేసే మనిషికి, కదులుతున్న బండి ముందు ప్రమాదం కనబడితే, చేతిలో ఎర్రజెండా లేకపోతే, రెండు చేతులూ నిటారుగా తలపైకి ఎత్తాలని నరనరాల్లోనూ ఉంటుంది. బండి ముందు ఏముంది? రోడ్డు చివర కల్వర్టు గోడ ఉంది. ఆయన టిఫిను డబ్బా కింద పడేసి, రోడ్డు మధ్యకి దూకి, రెండు చేతులూ ఎత్తేశాడు. అమ్మ రైల్వే ఉద్యోగి కూతురు, రైల్వే ఉద్యోగి భార్య. ఆ గుర్తుకి లొంగని బండి ఆవిడ జీవితంలో లేదు. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఉన్నచోటే ఆగిపోదామని కిందికి దూకేసింది. అమ్మ ఆగింది, తడి గడ్డిలో కూలబడి. బోర్డు ఆగలేదు. బరువు దిగేసరికి రెట్టింపు ఉత్సాహంతో నాన్న కాళ్ల పక్క నుంచి పోయి పోయి కల్వర్టు గోడకి కొట్టుకుంది. ఫట్‌మని చప్పుడు. ఆ చప్పుడు నా వీపులో వినిపించింది.

నాన్న అమ్మ దగ్గరికి పరిగెత్తాడు. "దెబ్బేటైనా తగిలిందా? కాలు కదుపు! ఏదీ, కదుపు!"

"నాకేటీ అవ్వలేదు," అంది అమ్మ ఆయన చెయ్యి తోసేసి. "ముందు దాన్ని చూడండి."

నేను బోర్డు ఎత్తుకొచ్చాను. ముందు ఇరుసు దగ్గర నుంచి మధ్య దాకా చెక్క చీలింది. నా కళ్లు నీళ్లతో నిండిపోయాయి. ఇరిగిన్నాడు మరి ఆ ఊసు ఎత్తకూడదు, అదే కదా తీర్పు. తుప్పు నుంచి, ఎండ నుంచి, గ్రీజు నుంచి కాపాడుకుంటూ వచ్చినదంతా ఈ గోడ దగ్గర అయిపోయింది. సాయంత్రాలు మళ్లీ ఇల్లు, వరండా, ఇల్లు. ఇప్పుడు అమ్మ ఆ మాట అంటుందని ఆవిడ ముఖంలోకి చూశాను. నిర్ఘాంతపోయాను. అమ్మ నాకన్నా ఎక్కువ భయంగా ఉంది. నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

నాన్న గోడ మీద కూర్చుని బోర్డుని ఒళ్లో పెట్టుకున్నాడు. సుత్తి లేదు కాబట్టి వేలి కణుపుతో ఒక చివర నుంచి కొట్టుకుంటూ వచ్చాడు. అచ్ఛా ఆంటీ మా అందరి మీదా గొడుగు పట్టి, "మర్ గయా క్యా?" అని, మనిషి చచ్చిపోయాడా అని అడిగినట్టు, గుసగుసగా అడిగింది. నాన్న చెయ్యెత్తి ఆపమన్నాడు. మళ్లీ కొట్టాడు. మళ్లీ విన్నాడు. చివరికి జేబులోంచి సుద్దముక్క తీసి, చెక్క మీద ఒక గుర్తు గీశాడు. "కండెమ్ కాదు. సిక్," అన్నాడు. యార్డులో పనికిరాని వ్యాగను కండెమ్, ముక్కలు చేసేస్తారు. జబ్బు చేసినది సిక్, దాన్ని పక్క లైన్లో పెట్టి బాగుచేసి మళ్లీ బండికి తగిలిస్తారు. అమ్మ అప్పుడు నా మణికట్టు వదిలింది. నాకు మాత్రం ఆ క్షణంలో కూడా బుద్ధి రాలేదు.

"కానీ అమ్మా, విరిగితే అతుకులు కూడా వెయ్యకూడదన్నావు కదా," అన్నాను ముక్కు ఎగబీలుస్తూ.

అమ్మ నా వైపు చూసింది. చీర నిండా బురద, జుట్టు ఊడిపోయి భుజాల మీద పడింది. "అన్నాను," అంది. "అప్పటికి నాకేటి తెలుసే?" కల్వర్టు వైపు చూస్తూ, "అతుకెయ్యండి. మళ్లీ ఇరిగినా సరే, ఇంకోటి తెమ్మని తమ్ముడికి నేనే చెప్తాను," అంది. ఆ తర్వాత సిగ్గుపడి, "నా చెప్పులు పైన కొళాయి కాడున్నాయి, తే పిల్లా," అని నన్ను పంపించేసింది. వెనక్కి తిరిగి చూస్తే నాన్న జేబురుమాలుతో అమ్మ మోచేతి మీద బురద తుడుస్తున్నాడు. "ఎన్నాళ్ల నుంచే?" అని ఆయన అడుగుతుంటే, "నీళ్లు మొయ్యడం మొదలైన కాడి నుంచీ," అంటోంది అమ్మ. "డబ్బాలు దింపేసి ఖాళీదాన్ని పైకి తీసుకెల్లి, కొళాయి కాడ వంతు వచ్చీదాకా ఊరికే నిలబడ్డం దేనికని ఒకరోజు కాలెట్టి చూశాను."

నాన్న చీలిక నిండా జిగురు పోసి, అడుగున ఇంకో చెక్క బద్ద వేసి బోల్టులు బిగించాడు. బరువెక్కింది గానీ మళ్లీ నడిచింది. అడుగున కొత్త తేదీలు పడ్డాయి. ఆ తర్వాత మధ్యాహ్నాలు అమ్మవి, సాయంత్రాలు నావి. ఆశ్చర్యం ఏమిటంటే, అప్పటి నుంచి దాని ఆరోగ్యం గురించి నాకన్నా అమ్మకే పట్టింపు ఎక్కువైపోయింది. నేను తడి చేతులతో ముట్టుకుంటే కసిరేది. కుట్టుమిషను మూలపడింది, నూనె మాత్రం అయిపోతూనే ఉండేది. చక్రాలు మార్చే రోజు నేను మర్చిపోతే, రాత్రి అన్నం దగ్గర గుర్తు చేసి మరీ నన్ను లేపేది. దసరా వచ్చింది, వెళ్లింది, మళ్లీ వచ్చింది. చక్రాలు అరిగి అరిగి నిమ్మకాయలంత అయ్యాక కూడా ఆ బోర్డు ట్యాంకు రోడ్డు మీద తిరుగుతూనే ఉంది.

ఇన్నేళ్ల తర్వాత, ఆ తుంపరలో చేతిలో పులిహోర ముద్ద పట్టుకుని నోరు తెరుచుకు నిలబడ్డ ఆ పిల్ల నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఇంట్లో తెగువంతా తనకొక్కదానికే ఉందని ఎంత నమ్మకం దానికి! అమ్మ అంటే వంటిల్లు, కొళాయి, కాలనీ వాళ్లేమనుకుంటారో అన్న భయం, అంతే అని ఎంత ధీమా! తలుచుకుంటే నవ్వొస్తుంది. మొన్న మా వీధి పార్కులో ఎవరో పిల్లలు ఇలాంటి బోర్డుతోనే ఆడుకుంటుంటే, ఒకసారి ఇస్తారా అని అడగబోయి, మోకాళ్లు గుర్తొచ్చి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక ఎందుకో వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకుంటే, ఆ వాలు మీద చేతులు చాపి దిగొచ్చిన రోజుకి అమ్మ వయసు, ఇప్పటి నా వయసు కన్నా పెద్ద ఎక్కువేమీ కాదు.